చక్రం మధ్య చిన్న మూత

దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. మన వాహనం నుండి అటువంటి వస్తువు దారిలో పడకుండా ముందే జాగ్రత్తపడటం కూడా ఆ బోధకు చెందినదేనని మేము భావిస్తాము. జక్రాన్‌పల్లి మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై కారు చక్రం నుండి ఊడిన ప్లాస్టిక్ మూత వెనుక వచ్చే ద్విచక్రవాహనదారుని పడవేయగలదు. కనుక ఈ నెల సెంటర్ క్యాప్ గురించి ముచ్చటిద్దాం.

కారును చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేయాలి. అప్పుడే ప్రయాణం ముగిసి ఉంటే బ్రేకుల వేడి తగ్గేదాకా ఆగాలి. మూత అంచున చిన్న గాడి ఉందేమో చూడాలి. ఉంటే స్క్రూడ్రైవర్ మొనకు మెత్తని గుడ్డ చుట్టి, ఆ గాడిలో ఉంచి, ఒకేచోట బలం పెట్టక చుట్టూ కొద్దికొద్దిగా లేపాలి. గాడి లేని కొన్ని అల్లాయ్ చక్రాలలో మూతను లోపలి వైపు నుండి నెట్టవలసి ఉంటుంది. అందుకు చక్రం విప్పాలి. జాకీపై నిలిపిన కారు కిందికి మాత్రం ఎవరూ దూరరాదు. కొన్ని స్టీలు చక్రాల మూతలను వీల్ నట్లే పట్టి ఉంచుతాయి. వాటిని లాగితే విరుగుతాయి గనుక కారుతో ఇచ్చిన పుస్తకం చూసి మొదలుపెట్టడం మేలు.

ఊడిన మూత వెనుక పట్టులను పరిశీలించాలి. ఒక్కటి విరిగినా దానిని జిగురుతో అతికించక కొత్తది తీసుకోవాలి. కొనేటప్పుడు బయటి వెడల్పుతోపాటు పట్టుల మధ్య కొలత కూడా సరిపోవాలి. అతి చౌకగా దొరికే పాత మూత ఎవరి కారు నుండి వచ్చిందో విచారించడం హలాల్ సంపాదన కోరేవారి బాధ్యత. దొంగసొత్తని తెలిసీ కొనడం ఆ పాపానికి తోడ్పడటమే.

బిగించే ముందు గూటిలోని మట్టిని, తుప్పును శుభ్రం చేయాలి. వానాకాలంలో పొలం దారుల బురద అక్కడే గట్టిపడుతుంది. వెనుక తీగ రింగు ఉంటే అది తన గాడిలో సరిగ్గా కూర్చోవాలి. చక్రమంతా కప్పే మూతకైతే గాలి పట్టే వాల్వు రంధ్రం ఎదురుగా రావాలి. అరచేతితో చుట్టూ సమానంగా నొక్కి, ఆపై వేళ్లతో లాగి చూడాలి. కదిలితే మళ్లీ బిగించాలి.

చక్రాన్ని పట్టి ఉంచేది మూత కాదు, వీల్ నట్లు. వాటిని విప్పి ఉంటే పుస్తకంలో చెప్పినంత బిగువుతో బిగించి, కొద్ది దూరం నడిపాక మరోసారి సరిచూడాలి. కారులో కూర్చునే తల్లిదండ్రులు, బిడ్డలు, దారిన పోయే అపరిచితులు అందరి ప్రాణాలూ ఆ చేతిలోని అమానతే. ఈ పని చేసేటప్పుడు ఇంట్లోని పిల్లలను పక్కన నిలుపుకొని నేర్పండి.