డిగ్రీ పిల్లల వేసవి ఊరి శాసనం దగ్గర గడవాలి

రాజరాజ నరేంద్రుడు పట్టాభిషిక్తుడై తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. అందుకు పూనుకున్న భావరాజు వేంకట కృష్ణారావు వృత్తిరీత్యా న్యాయవాది. అదే రోజుల్లో నిజాం ఏలుబడిలోని హైదరాబాదులోనూ ఒక పరిశోధక సంఘం ఏర్పడింది. చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూశాక అది ఆయన పేరు పెట్టుకుని లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. ఆదిరాజు వీరభద్రరావు వంటివారి శ్రమతో 1935లో తెలంగాణ శాసనాల సంపుటాన్ని వెలువరించింది. తెలుగువాళ్ల చరిత్రలో చాలా భాగం ఇలా సొంత ఖర్చుతో, ఎండనపడి ఊళ్లు తిరిగినవాళ్లు పోగుచేసిందే.

ఆ పని నేర్చుకునే పిల్లలే ఇప్పుడు కరువయ్యారు. జిల్లాల్లో మిగిలిన చరిత్ర సంఘాల్లో, పాత గ్రంథాలయాల్లో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులే ఎక్కువగా కనిపిస్తారు. పాత లిపి చదవగలిగిన పెద్దాయన వెళ్లిపోతే ఆ చదువు కూడా ఆయనతోనే పోతుంది.

మరోవైపు లక్షల మంది పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం తిరుగుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది చివర రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది చివర మరో రెండు నెలలు, ఆపైన ఒక పూర్తి సెమిస్టర్. ఆలోచన మంచిదే. కానీ చిన్న పట్టణంలో బీఏ చదివే అమ్మాయికి చోటిచ్చే కంపెనీ ఎక్కడుంది? రెండు నెలలూ ఇంట్లో ఉండి ఒక సర్టిఫికెట్ కాగితం జతచేస్తే ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఆ వేసవిని స్థానిక చరిత్ర సంఘాలకు, గ్రంథాలయాలకు అప్పగించాలి.

ఈ పనికి వేసవి అనువైన కాలం కూడా. చెరువులు ఎండుతాయి, పొలాలు ఖాళీ అవుతాయి, నీళ్లలోనో పైరు మధ్యనో ఉండిపోయిన రాళ్లు బయటపడతాయి. శ్రీశైలం జలాశయంలో మునిగే సంగమేశ్వరాలయం పైకి తేలేదీ అప్పుడే. పొద్దున్నే ఏటవాలుగా పడే వెలుతురులో అరిగిన అక్షరం కూడా నీడ కట్టి కనిపిస్తుంది. రాయిని బ్రష్షుతో శుభ్రం చేసి, తడిపిన కాగితం పరిచి, అక్షరాల గాడిలోకి దిగేదాకా బ్రష్షుతోనే కొడతారు. తడి కాస్త ఆరాక పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా వస్తాయి. చేత్తో చేసి నేర్చుకోవాల్సిన విద్య ఇది.

శాసనం లేని ఊరి పిల్లలకూ పని ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ రెండు వందల ఏళ్ల కిందట సేకరింపజేసిన కైఫియతుల్లో, అంటే ఊరి వృత్తాంతాల్లో, ఊరి చెరువులు, గుళ్లు, మాన్యాలు, పేటల వివరాలున్నాయి. కడప జిల్లా విద్యార్థి తన ఊరి కైఫియతు చేతపట్టుకుని తిరిగితే ఏ చెరువు మిగిలింది, ఏది ఇళ్ల స్థలాలైందో తేలుతుంది. అసలు ఆ సేకరణకు ఊపిరి పోసిందే ఒక యువకుడు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య ఇరవై ఏళ్ల ప్రాయంలో మెకంజీ దగ్గర చేరి, హళగన్నడ (పాత కన్నడ) శాసనాలు చదవడం పట్టుబట్టి నేర్చుకుని, 1803లో ముప్పై నిండకుండానే కన్నుమూశాడు.

చరిత్రకారుడు మల్లంపల్లి సోమశేఖర శర్మకు డిగ్రీ లేదు. మద్రాసులో కొమర్రాజు వారి విజ్ఞాన సర్వస్వానికి చేదోడుగా ఉంటూ శాసనాలు చదవడంలో ఆరితేరారు. రెడ్డి రాజ్యాల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన చరిత్రను 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. పెద్దల పక్కన కూర్చుని నేర్చుకునే అవకాశం దొరికితే ఎంత దూరం పోవచ్చో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

చరిత్ర కూడు పెడుతుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే పాత పత్రికలను స్కాన్ చేసి సూచిక తయారుచేయడం, పెద్దల మాటలు రికార్డు చేసి తప్పుల్లేకుండా రాయడం, ఒక ఆధారాన్ని మరోదానితో సరిచూడడం ఏ ఉద్యోగానికైనా పనికొచ్చేవే. 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో ఉన్న పాత పత్రికలే ఎన్నో బృందాలకు చాలినంత పని.

ఆలస్యం చేస్తే పోగొట్టుకునేదేమిటో కురిక్యాల చెబుతుంది. కరీంనగర్ జిల్లాలోని ఆ ఊరి బొమ్మలమ్మ గుట్ట మీద కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన పదో శతాబ్దపు శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. తెలుగు ప్రాచీన హోదా వాదనకు బలమిచ్చిన ఆ గుట్టకే గ్రానైట్ తవ్వకాల ముప్పు వచ్చింది. గుర్తించినవాళ్లున్నారు కాబట్టి గొడవ చేయగలిగారు. ఎవరూ చదవని రాయి కంకరైపోతే అడిగే నాథుడుండడు.

తెలంగాణలో శ్రీరామోజు హరగోపాల్ కన్వీనర్‌గా ఉన్న కొత్త తెలంగాణ చరిత్ర బృందం ఔత్సాహికులతోనే ఊరూరా శాసనాలను, వీరగల్లులను వెలికితీస్తోంది. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లూ ఇలాంటి బృందాలను, గ్రంథాలయాలను ఇంటర్న్‌షిప్ జాబితాలో చేర్చాలి. విద్యార్థికి బస్సు చార్జీ, మధ్యాహ్న భోజనం, ఎంతో కొంత భత్యం ప్రభుత్వమే ఇవ్వాలి. ఇవి లేకపోతే కలిగినవాళ్ల పిల్లలే వస్తారు. అమ్మాయిలను ఒంటరిగా పంపకుండా జట్లుగా, అధ్యాపకురాలి తోడుతో పంపాలి. ఎండ ముదిరేలోగా బయటి పని ముగించి, మధ్యాహ్నాలు గ్రంథాలయంలో గడిపేలా చూడాలి. తీసిన నకలు, రాసిన నివేదిక కాలేజీ బీరువాలో పడి ఉండకుండా ఒక ప్రతి ఆ ఊరి బడికి, మరొకటి జిల్లా గ్రంథాలయానికి చేరాలి. ఈ జాబితా ఫిబ్రవరిలోగా కాలేజీలకు అందితేనే వచ్చే వేసవికి పని మొదలవుతుంది.