దెయ్యం గోలీలు

ఆన్‌సైట్ అని ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లు ఎవరైనా సిడ్నీ బ్రిడ్జి దగ్గర ఫొటో పెడతారు. నేను రాళ్ల ఫొటోలు పెట్టా. ‘హైదరాబాద్‌లో లేవా రాళ్లు, అంత డబ్బు తగలేసి వెళ్లాలా?’ అని టీమ్ గ్రూప్‌లో ఒకటే ఆట పట్టించారు. న్యాయమైన ప్రశ్నే.

ఆ దేశం నడిబొడ్డున, ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి ఉత్తరంగా స్టువర్ట్ హైవే మీద సుమారు 400 కిలోమీటర్లు వెళ్లాలి. స్పీడ్ లిమిట్ 130. ఎర్రమట్టి, పొదలు, మళ్లీ ఎర్రమట్టి. పెట్రోల్ బంకు కనిపిస్తే పండగే. అలా పోతూ ఉంటే రోడ్డు పక్కన ఒక్కసారిగా గుండ్రాళ్లు! ఒకదాని మీద ఒకటి, తోస్తే పడిపోతాయేమో అన్నట్టు. పెద్దవి ఆరు మీటర్ల దాకా ఉంటాయి, అంటే రెండంతస్తుల ఇల్లంత. తెల్లవాళ్లు పెట్టిన పేరు డెవిల్స్ మార్బుల్స్, దెయ్యం గోలీలు. అక్కడి ఆదివాసుల పేరు కార్లు కార్లు. (మన కార్లు కాదు. ఆ మాటకి గుండ్రాళ్లు అనే అర్థం.)

ఇవి ఎక్కడి నుంచో దొర్లుకుంటూ వచ్చినవి కావు. భూమి లోపల కరిగిన రాయి చల్లబడి గ్రానైట్ అయింది, సుమారు 170 కోట్ల ఏళ్ల కిందట. దానికి నిలువుగా, అడ్డంగా పగుళ్లు పడి దిమ్మెలుగా విడిపోయింది. పగుళ్లలోకి నీరు దిగింది. మూలల్ని మూడు వైపుల నుంచీ తింటుంది కాబట్టి అవి ముందు పోతాయి. కొత్త సబ్బు వాడగా వాడగా గుండ్రంగా అయిపోవడం చూశారుగా, అంతే. తర్వాత చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయి గుండ్లు మిగిలాయి. ఇప్పటికీ ఉల్లిపాయలా పొరలు ఊడుతున్నాయి. మన హైదరాబాద్ గుండ్లూ ఇలా తయారైనవే. పైగా మనవి ఇంకా పాతవి, 250 కోట్ల ఏళ్లు!

కానీ నాకు నిద్రపట్టనివ్వనిది ఈ సైన్సు కాదు, ఇక్కణ్నుంచి పోయిన ఒక రాయి కథ.

జాన్ ఫ్లిన్ అని ఒక పాస్టర్. ఎడారిలో ఒంటరిగా బతికేవాళ్లకి విమానంలో డాక్టర్‌ని పంపే సర్వీసు 1928లో మొదలుపెట్టించాడు. అక్కడి 20 డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంటుంది. ఆయన 1951లో పోయాక, ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర సమాధి మీదకి ఇక్కణ్నుంచి ఎనిమిది టన్నుల గుండొకటి లారీలో పట్టుకెళ్లారు. మంచి మనిషికి మంచి రాయి అనుకున్నారు. అది ఎవరిదని అడగలేదు. వారుముంగు, కైటెట్యే ప్రజలకి అది పవిత్ర స్థలం. వాళ్లు దశాబ్దాల పాటు అడుగుతూనే ఉన్నారు. చివరికి 1999లో రాయి ఇంటికొచ్చింది. సమాధి ఖాళీగా ఉండకూడదని అరెర్న్టె ప్రజలు తమ నేల నుంచి ఇంకో రాయి ఇచ్చారు. ఈ చివరి సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. 2008లో మొత్తం స్థలం మీద హక్కు కూడా అక్కడివాళ్లకే తిరిగి వచ్చింది.

సాయంత్రం ఎండ పడి గుండ్లన్నీ నిప్పుల్లా వెలుగుతుంటే అమ్మకి వీడియో కాల్ చేశా.

“మన ఇంటెన్క గుండు అచ్చం ఇట్లనే ఉండె గదరా” అంది. ఆగి, “ఒక చిన్న రాయి తేరాదు, దేవుని దగ్గర పెడ్త” అంది.

నా జేబులో అప్పటికే ఒకటుంది. పెసరట్టు రంగు కాదు, ఇటుక రంగు, ఉసిరికాయంత. అమ్మకి ఏదో చెప్పి, తీసిన చోటే పెట్టేశా. ఫ్రెండు నవ్వాడు.

మా ఇంటి వెనక గుండు సంగతి చెప్పలేదు కదా. నేను నైన్త్‌లో ఉండగా తూటాలు పెట్టి పేల్చారు. విజిల్ వేసి అందర్నీ లోపలికి పొమ్మనేవాళ్లు. నెలన్నర పట్టింది. దాని మీద జారి ఎన్ని నిక్కర్లు చింపుకున్నానో! ఆ జాగాలో లేచిన అపార్ట్‌మెంట్ పేరులో ఇప్పటికీ ‘రాక్’ ఉంది. మూడో అంతస్తులో ఫ్లాట్ మాదే, ఈఎంఐ కట్టేది నేనే. కాబట్టి ఎవర్నీ తిట్టే మొహం నాకు లేదు. ఆ గుండు కంకరై ఏ స్లాబులో కలిసిందో కూడా తెలీదు.

సెల్లార్‌లో పిల్లర్ పక్కన మాత్రం పగలని ముక్క ఒకటి మిగిలింది, నడుమెత్తు ఉంటుంది. బోనాలప్పుడు అమ్మ దానికి పసుపు పూసి బొట్టు పెడుతుంది. చూసి ఇంకో ఇద్దరు ఆంటీలూ మొదలెట్టారు. పోయిన వారం అసోసియేషన్ గ్రూప్‌లో పోల్ వచ్చింది: ఆ రాయి తీయిస్తే ఇంకో రెండు బైకులు పడతాయి, అవునా కాదా? ఇప్పటికి పంతొమ్మిది అవును, పదకొండు కాదు. నేను కాదు నొక్కా. అమ్మకి పోల్ ఎలా నొక్కాలో ఇవాళ రాత్రి నేర్పించాలి. ఆదివారం దాకా టైముంది.