మిల్లు నడిపించింది, ఇంక మనమే నడవాల

పోయిన నెల చక్కెర జబ్బు ఉన్నవాళ్లు కాళ్లను ఎట్ల చూసుకోవాలో రాసినాను. అది చదివి టీ అంగడి దగ్గర నన్ను నిలబెట్టి ఇద్దరు ముగ్గురు ఒకే మాట అడిగినారు. "అన్నా, మిల్లులో ముప్పై ఏండ్లు ఒళ్లు విరిగేట్టు పనిచేసినప్పుడు గుండెకు ఏమీ రాలేదు. రిటైరై ఇంట్లో సుఖంగా కూర్చుంటే వస్తుందే, ఇదేమి న్యాయం?" ఈ నెల దానికే జవాబు రాస్తాను.

సగం జవాబు వాళ్ల మాటలోనే ఉండాది. కూర్చుంటే వస్తుంది.

స్పిన్నింగులో సైడరుగా ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర లేదు. ఫ్రేము ఈ కొన నుంచి ఆ కొనకు, ఆ కొన నుంచి ఈ కొనకు, తెగిన నూలు అతికిస్తా ఎనిమిది గంటలూ నడకే. డాఫింగు వాళ్లు నిండిన బాబిన్లు పీకి, ఖాళీవి పెట్టి, బండి తోసుకుంటా పోతారు. కార్డింగులో క్యాన్లు తోసినవాళ్లు, గోడౌనులో బేళ్లు దొర్లించినవాళ్లు ఎందరో. ఎవరమూ దాన్ని వ్యాయామము అనుకోలేదు, కూలి అనుకున్నాము. ఆ కూలితో బాటే గుండెకు కావలసిన పని కూడా దొరికింది. రిటైరైన మరుదినము ఆ నడక నిలిచిపోయింది. తిండి మాత్రము నిలవలేదు. షిఫ్టు మనిషి తినే కూడే తింటాము, షిఫ్టు టీ తాగుతాము, టీతో వడ కూడా. ఖర్చు లేకుండా వరవు ఒక్కటే ఉంటే అది ఒంట్లోనే కదా నిలుస్తుంది?

ఇది నేను కల్పించి చెప్పే మాట కాదు. నర్సింగు చదివే మా మనవరాలు తన పాఠములో ఉన్నది ఒకటి నాకు చదివి వినిపించింది. లండన్ ఊరిలో జెర్రీ మోరిస్ అని ఒక డాక్టరు ఉండె. అక్కడ రెండు అంతస్తుల బస్సులు తిరుగుతాయి. డ్రైవరు దినమంతా కూర్చునే ఉంటాడు. ఆ కాలములో కండక్టరు టికెట్టు ఇచ్చేదానికి మెట్లెక్కి దిగుతానే ఉండె. దినానికి 500 నుంచి 750 మెట్లు. ఇద్దరికీ ఒకే బస్సు, ఒకే రోడ్డు, ఇంచుమించు ఒకే జీతము. బస్సు, ట్రాము, రైలు పనివాళ్లు సుమారు 31 వేల మంది లెక్క ఆయన తీసి చూసినాడు. కండక్టర్ల కంటే డ్రైవర్లకే గుండె జబ్బు ఎక్కువ. కండక్టర్లకు వచ్చినా వయసు ముదిరినాక వచ్చింది, అంత కఠినంగానూ లేదు. 1953లో ఆ లెక్కను అచ్చు వేసినాడు. టపా మోసే పోస్టుమాన్లను, ఆఫీసులో కూర్చునే గుమస్తాలను పోల్చి చూసినా అదే కథ. ఆ డాక్టరు తానూ నడక, ఈత మానలేదు, 99 ఏండ్లు బతికినాడు.

విన్నాక నాకు తోచింది ఇదే. మిల్లులో ఉన్నంత కాలము మనము కండక్టర్లము. రిటైరైన దినమే డ్రైవరు సీటులో కూర్చున్నాము. మిల్లులో సూపర్‌వైజరు ఉండె, సైరను ఉండె, నడిపించింది. ఇంక మనల్ని నడిపించేవాళ్లు ఎవరూ లేరు. మనమే నడవాల.

ఎంత నడవాల? వారానికి 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే దినానికి అరగంట, వారానికి ఐదు దినాలు. ఒకే తూరి అరగంట చేతకాకపోతే పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రము పదిహేను నిమిషాలు నడిచినా చాలు. ఎంత వేగంగా? పక్కవాళ్లతో మాట్లాడేదానికి ఊపిరి ఉండాల, పాట పాడేదానికి చాలకూడదు. అదే కొలత. మన కరిసల్ సీమలో ఎండ ఎట్లాంటిదో తెలుసు కదా, పొద్దున ఆరు లోపలే బయలుదేరండి. ఎట్టయాపురంలో ఉన్నవాళ్లు భారతి మణిమండపము దాకా పోయి రావచ్చు. కోవిల్‌పట్టి వాళ్లు కదిరేశన్ కొండ మెట్లను మొదటి దినమే ఎక్కేదానికి పోవద్దు. సమమైన దారిలో మొదలుపెట్టి వారాల మీద పెంచండి. నడిచేటప్పుడు ఎదలో బిగువుగా ఉండి, నిలబడితే తగ్గిపోతుంటే నడక ఆపి మొదట డాక్టరును చూడండి.

అక్కయ్యలకు, వదినలకు ఒక మాట. "ఇంటి పని చేసేదే నడక కాదా?" అని అడుగుతారు. బిందె మోసేది, పిండి రుబ్బేది ఉన్న కాలములో ఆ మాట నిజమే. ఇప్పుడు కొళాయి ఇంటి ముందర, గ్రైండరు ఇంటి లోపల. మీకూ అరగంట కావాల. మొగవాళ్లు పొద్దున టీ కాచి ఇస్తే ఆ అరగంట దొరుకుతుంది.

తరువాత తిండి. మన చుట్టూ ఉండేవన్నీ రుచి ఊళ్లే. విరుదునగర్ అంటే నూనెలో పొరలించిన పరోటా, సాత్తూరు అంటే కారాసేవు, శ్రీవిల్లిపుత్తూరు అంటే పాల్‌కోవా, కోవిల్‌పట్టి అంటే కడలె మిఠాయి. కడలె మిఠాయికి 2020లో సర్కారు పుచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా ఉండాది. వేరుశనగ మంచిదే, దాన్ని పట్టిన బెల్లము పాకము చక్కెర జబ్బు వాళ్లకు కాదు. తినవద్దని నేను చెప్పను, చుట్టాలు వచ్చిన దినము తినండి. వారానికి మూడు రాత్రులు పరోటా పొట్లము ఇంటికి వస్తే అది పండగ కాదు, అలవాటు. ఇంట్లో నూనెకు ఒక లెక్క పెట్టుకోండి. మనిషికి నెలకు అర లీటరు, నలుగురు ఉంటే రెండు లీటర్లు. ఒక తూరి కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచవద్దు.

నూనె కంటికి కనపడుతుంది, ఉప్పు కనపడదు. దినానికి ఒక మనిషికి ఐదు గ్రాముల లోపల, అంటే ఒక టీ స్పూను కంటే తక్కువ. కూరలో వేసేది మాత్రమే కాదు, అంతా కలిపి. ఊరగాయ, అప్పడము, ఒడియాలు, మజ్జిగ మిరపకాయ, కరువాడు, అన్నిటిలోనూ ఉప్పే. మిల్లు వేడిలో చెమట ఓడ్చినాము, ఉప్పు ఎక్కువ పడినా నడిచింది అనేవాళ్లు ఉండారు. ఇప్పుడు ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకు ఆ మాట పనికిరాదు. మన పెద్దవాళ్లు తిన్న సజ్జ కూడు, జొన్న కూడు, ఊదల అన్నము మంచివే. పక్కన ఊరగాయ బదులు చిన్న ఉల్లిగడ్డలు పెట్టుకుంటే ఇంకా మంచిది.

బీడీ, పొగాకు గురించి చిన్నగా చెప్తాను, అందరికీ తెలిసిందే కాబట్టి. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపేదానికి బీడీ పట్టినవాళ్లు, పొగాకు నోట్లో అదిమినవాళ్లు ఎందరో. షిఫ్టు పోయింది, బీడీ పోలేదు. "ఇంత వయసులో మానితే ఏమి లాభము?" అంటారు. లాభము ఉండాది. మానిన ఒక ఏడాదికే, పొగవల్ల గుండెకు పెరిగిన అపాయములో సగము తగ్గుతుంది. మానేదానికి సాయము కావాలంటే 1800 11 2356 అనే నంబరుకు కాసు లేకుండా ఫోను చెయ్యవచ్చు.

ఇంక ప్రెషరు. దీనికి నొప్పి లేదు, తల తిరగాలనీ లేదు. ఫ్రేములో బేరింగు అరిగితే శబ్దము వస్తుంది, పరిగెత్తి పోయి చూస్తాము. ప్రెషరు శబ్దము చెయ్యదు. కొలిస్తేనే తెలుస్తుంది. 140/90 దాటి మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరును చూడాల. కొలిచే ముందు అరగంట టీ, బీడీ ముట్టవద్దు, ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోండి. "మాత్ర వేసుకున్నాను, ప్రెషరు సరిపోయింది, నిలిపినాను" అనేవాళ్లను నెలకు ఒకరినైనా చూస్తాను. సరిపోయింది మాత్రవల్లనే. డాక్టరు చెప్పకుండా నిలపవద్దు. మన రాష్ట్రములో 2021 ఆగస్టు 5న మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' వాళ్లు ఇంటికే వచ్చి ప్రెషరు, చక్కెర చూసి మాత్రలు ఇస్తారు. ఇ.ఎస్.ఐ.లో ఐదేండ్లకు తక్కువ కాకుండా ఉండి, వయసు నిండి రిటైరైనవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే మొగుడు పెండ్లాము ఇద్దరికీ వైద్యము దొరుకుతుంది. ఈ సంగతి తెలియని మిల్లు కుటుంబాలు ఎన్నో ఉండాయి. పక్కింటివాళ్లకూ చెప్పండి.

చివరగా, మిల్లు వాళ్లు మాత్రమే చేసే ఒక పొరపాటు. పత్తి దుమ్ము పట్టినవాళ్లకు సెలవు ముగిసి పనికి పోయిన దినము ఎద బిగుసుకుంటుంది, ఊపిరి ఆడదు. సోమవారము ఎద పట్టింది అనేవాళ్లము. ఆ అలవాటులో, ఇప్పుడు ఎద పట్టినా "పాత దుమ్మే" అనుకుంటాము. మా డిపార్టుమెంటులోనే పనిచేసిన ఒక అన్న, రిటైరై రెండేండ్లు కాలేదు, ఒక రాత్రి ఎద బరువుగా ఉందంటే ఇంట్లో అందరూ దుమ్ము అన్నారు, తరువాత గ్యాసు అన్నారు, సోడా తాగించినారు. తెల్లవారి ఆటో పిలిచే లోపల ఆయన లేడు. మిల్లు నుంచి బయటికి వచ్చిన మనిషికి కొత్తగా దుమ్ము ఎక్కడినుంచి వస్తుంది? ఆ ఒక్క ప్రశ్న ఆ రాత్రి ఎవరికీ తోచలేదు.

ఎద నడుమ బరువు, బిగువు, అది ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకేది, చల్లటి చెమట, ఊపిరి ఆడకపోయేది, ఇవి గుండె గుర్తులు. ఆడవాళ్లకు, చక్కెర జబ్బు వాళ్లకు నొప్పి లేకుండా వట్టి ఆయాసము, వాంతి, నీరసము మాత్రమే రావచ్చు. వెంటనే 108కి ఫోను చెయ్యండి. రోగిని నడిపించవద్దు, బండి వెనక కూర్చోబెట్టవద్దు. 2023 నుంచి 'ఇదయం కాప్పోం' పథకము కింద సర్కారు ప్రైమరీ హెల్త్ సెంటర్లలోనే గుండెపోటుకు మొదటి మాత్రలు ఇచ్చి పెద్ద ఆస్పత్రికి పంపుతారు. ఆ మాత్రలు మీరే కొని మింగవద్దు, డాక్టరు చూసి ఇవ్వాల. రక్తము అందని ప్రతి నిమిషమూ గుండె కండ చస్తానే ఉంటుంది. కాప్పీట్టు కార్డు ఎక్కడ పెట్టినామో వెదుకుతా నిలబడవద్దు. మొదట మనిషి పోవాల, కార్డు వెనక పోవచ్చు.

ఈ నెల అందరూ ఒక పని చెయ్యండి. ఒక నోటుపుస్తకము తీసి, ఇంట్లో ముప్పై దాటిన ప్రతి ఒక్కరి ప్రెషరు కొలిపించి, తేదీతో రాసి పెట్టండి. కింద ఆ వారము ఎన్ని దినాలు నడిచినారో గీతలు గీయండి. మిల్లులో దినమూ హాజరు వేసుకున్నవాళ్లమే కదా, ఇది మన గుండెకు హాజరు పుస్తకము. వచ్చే నెల రాత్రి షిఫ్టు మానినా నిద్ర పట్టనివాళ్ల గురించి రాస్తాను.