ఒకే మూకుడు, ఒకే పంక్తి

యూదులనూ క్రైస్తవులనూ కలిపి పండుగ భోజనానికి పిలవడమంటే ఏ అమెరికాలోనో జరిగే ముచ్చట అనుకుంటాం. కానీ చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదుల సమాజం ఉంది. వారివి మాదిగ కుటుంబాలు. క్రైస్తవంలో ఉండి, 1990 ప్రాంతంలో తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమని ప్రకటించుకొని, ప్రార్థనామందిరం నిర్మించుకొన్నారు. ఈ మైదానంలో మాదిగల క్రైస్తవానికీ పెద్ద చరిత్రే ఉంది. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నదిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలే. కనుక ఆ విందుకు వచ్చే అతిథులు పరస్పరం పరాయివారు కారు.

వంట సంగతి చూద్దాం. 2024లో హనుక్కా తొలి దీపం క్రిస్మస్ సాయంత్రమే వెలిగింది. యెరూషలేము ఆలయంలోని దీపపు నూనెను స్మరించే పండుగ కనుక, నూనెలో వేయించిన పదార్థాలు తినడం అందులో ఆనవాయితీ. మన క్రైస్తవుల ఇళ్ళలో క్రిస్మసుకు అరిసెలు వండుతారు. రెండు పండుగలకూ ఒకే మూకుడు చాలునన్నమాట. పందిమాంసం, రొయ్యలు, పీతలు, పొలుసు లేని చేపలు యూదులకు నిషిద్ధం. మాంసం వడ్డిస్తే ఆ భోజనంలో పెరుగూ నెయ్యీ ఉండరాదు. అరిసెలు నూనెలోనే వేయించాలి. నియమం గట్టిగా పాటించేవారు మాంసం కోసిన పద్ధతిని కూడా విచారిస్తారు. శుక్రవారం సూర్యాస్తమయంతో సబ్బాతు మొదలవుతుంది. ఆపైన పొయ్యి వెలిగించరు. ఎవరు ఎంతవరకు పాటిస్తారో ముందుగా వారినే అడగడం మర్యాద.

ఇన్ని చిక్కులెందుకు, శాకాహారం వండితే సరిపోదా అంటారు కొందరు. వంట వరకు సరిపోతుంది. అయితే, వారు తినేది నా గిన్నెలో పడరాదన్న తలంపు దాని వెనుక ఉంటే, అది ఆతిథ్యం అనిపించుకోదు. గొడ్డుమాంసం యూదు ధర్మంలో నిషిద్ధం కాదు. ఇక్కడ మాత్రం దాని పేరు చెప్పే మాదిగలను తరతరాలుగా పంక్తికి దూరం చేశారు. నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగలు హతులైన ఘోరానికి మూలం వారు తాగే చెరువు నీటి దగ్గర పుట్టిన గొడవే. నీళ్ళ దగ్గరే ఇంత జరిగిన సీమలో, మతం మారినా కులం విస్తరి దాకా వెంట వస్తూనే ఉంది.

అందుకని నా అభిప్రాయం ఇది. సర్వమత విందు ఇచ్చామని చెప్పుకోదలచినవారు మొదట చూసుకోవలసింది వంటల జాబితా కాదు. వచ్చినవారికి మన కంచాలలోనే, మన గ్లాసులతోనే, మన సరసనే వడ్డించామా? వారు మళ్ళీ తమ పాలెంలోని ఇంటికి పిలిస్తే వెళ్ళి, వారు వండినది కడుపునిండా తిన్నామా? రెండో పిలుపుకు సాకులు వెదికేవారు మొదటి పిలుపు పిలవకపోవడమే మేలు.