పేడనీళ్ళు ఎవరి మీద చల్లాలి?

ఆ మధ్య విశాఖలో ఒకరింటికి భోజనానికి వెళ్ళాను. ఇల్లాలు గిన్నె మూత తీసి, రహస్యం చెప్పినట్టు, "దుప్పి మాంసమండీ, ఏజెన్సీ నుంచి తెప్పించాం" అంది. ముద్ద దిగలేదు. కాని మొహమాటానికి కిక్కురుమనకుండా కూర్చున్నాను.

మన్యంలో చైత్రమాసంలో ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకి వెళతారు. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేస్తారు. "అదుగో, అడవిలో జింకలు లేకుండా చేస్తున్నది వాళ్ళే" అని మనం తేలిగ్గా అనేస్తాం. 1972 చట్టం వేటని ఒప్పుకోదు, నిజమే. అయినా ఊరంతా పంచుకునే పండగ వేట వేరు, డబ్బుకోసం సంచుల్లో పట్నం దిగే మాంసం వేరు.

నాటు తుపాకీలో మూతిలోంచి మందు పోసి, గుళ్ళు వేసి, ఊచతో దట్టించాలి. ఒక్కటే దెబ్బ. సరిగ్గా తగలకపోతే, మళ్ళీ దట్టించేలోగా గాయపడ్డ జంతువు ఏ పొదల్లోనో పడి చస్తుంది. వేసవి ముదిరి గెడ్డలెండాక, మిగిలిన నీటిగుంట దగ్గర కాపు వేస్తే, చీకట్లో దాహానికొచ్చింది చూలు జింకో కాదో ఎవరు చూడొచ్చారు?

తుపాకీ వాడిదే. పేల్చేది మాత్రం మన వంటిల్లు! బజార్లో కోడీ, మేకా ఉండగా దుప్పి ఎందుకమ్మా? గొప్పకి. 2002లో అభయారణ్యమైన కంబాలకొండ మన గుమ్మం పక్కనే ఉంది. అక్కడ పిల్లలకి జింకల కథలు చెప్పి, ఇంట్లో ఆ కూరే వడ్డిస్తామా?

కొనే చెయ్యి ఆగితే అమ్మే చెయ్యీ ఆగుతుంది. ఈసారి ఎవరైనా అలాటి గిన్నె మూత తీస్తే నాలా కూర్చోకండి, లేచి వచ్చెయ్యండి. పేడనీళ్ళు చల్లవలసింది ఉత్తచేతులతో వచ్చిన వేటగాడి మీద కాదు, మన గొప్ప మీద.