తుపాను రాత్రికి సొంత వెలుగు: ఉద్దానపు గృహస్థులకు విన్నపము



2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు మన కొబ్బరితోటలును జీడితోటలును నేలకొరగిన దుఃఖమును గూర్చి ఎందరో వ్రాసినారు. కాని ఆ చెట్లతోపాటు కూలిన కరెంటు స్తంభములు మరల నిలుచువరకు, దినములతరబడి మోటారులు తిరుగక, ఫోనులు పలుకక, బాలింత కడను రోగి కడను కొవ్వొత్తియే దిక్కైన రాత్రులను గూర్చి మనము తగినంత ఆలోచించినట్లు కానరాదు. అంతకు నాలుగేండ్ల పూర్వము, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను ధాటికి విశాఖ మహానగరమే చీకటిపాలైనది. నగరమునకే తప్పని యవస్థ తీగల చివరనున్న పల్లెలకు తప్పునా? గాలివానలో స్తంభమెక్కి ప్రాణములకు తెగించి పనిచేయు విద్యుత్ కార్మికులను నిందించుట అధర్మము. లోపము మన సిద్ధపాటులో నున్నది.

ఇంటికప్పుపై సౌరఫలకములు పెట్టించుకొన్నవారికి ఈ బాధ లేదని పలువురు నమ్ముచున్నారు. 2024లో ఆరంభమైన పీఎం సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్ల అమరికకు 78,000 రూపాయల రాయితీ లభించుచుండుట మెచ్చదగినదే. అయినను, బ్యాటరీ లేక కేవలము లైనుతో ముడిపడిన అమరిక, లైను ఆగిన తక్షణమే, ఎండ ఎంత కాయుచున్నను, తానును ఆగిపోవును. తెగిన తీగను సరిచేయు కార్మికుని చేతికి మన యింటి విద్యుత్తు తగులకుండుటకై చేసిన యేర్పాటిది, న్యాయమైనది. కావున నెలబిల్లు తగ్గించు అమరిక వేరు, ఆపత్కాలమున వెలుగిచ్చు అమరిక వేరు. ఈ రెండవది చిన్నదిగా నైనను ప్రతి యింటను ఉండవలెననియు, ఒక్కమారుగా కాక అంచెలంచెలుగా సమకూర్చుకొనవలెననియు మా వాదము.

మొదట కాగితము తీసికొని లెక్క వేయుడు. 9 వాట్ల ఎల్ఈడీ దీపములు మూడును ఐదేసి గంటలు వెలిగిన 135 వాట్-అవర్లు; రెండు ఫోనులకు మరియొక 25; 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగిన 240; వెరసి 400. వంద వాట్ల సౌర పలక ఒకటి మంచి యెండలో దినమునకు ఇంచుమించు 300 నుండి 350 వాట్-అవర్లు సమకూర్చును. అనగా దీపములకును ఫోనులకును ఒక పలక చాలును, ఫ్యానునకు రెండవది కావలెను. అంచెలు ఈ లెక్కలోనే యున్నవి.

కాని ఒక మెలకువ. పలకలను తరువాత పెంచుకొనవచ్చును. బ్యాటరీని అట్లు పెంచరాదు. వాడి అలసిన పాత బ్యాటరీకి క్రొత్తదానిని జతచేసినచో పాతది క్రొత్తదానిని గూడ చెరచును. కావున బ్యాటరీని మొదటనే తుది లెక్కకు సరిపోవునట్లు కొనవలెను: 12 వోల్టుల 80 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ట్యూబులర్ బ్యాటరీలో 960 వాట్-అవర్లుండును, అందు సగమే వాడుకొన్నచో అది చిరకాలము మన్నును. పలక నుండి బ్యాటరీకి పోవు కరెంటును అదుపుచేయు ఛార్జి కంట్రోలరును గూడ రేపటి రెండవ పలకను మోయగల 20 ఆంపియర్లది తెచ్చుకొనుడు. ఇదివరకే ఇన్వర్టరును 150 ఏహెచ్ బ్యాటరీయు గలవారికి పని సగమైనట్లే: పలకలును కంట్రోలరును చేర్చిన చాలును.

బిగించునప్పుడు కంట్రోలరునకు ముందు బ్యాటరీని, పిదప పలకను కలుపవలెను. విప్పునప్పుడు ముందు పలకను. బ్యాటరీ ధన ధ్రువమునకు చేరువనే ఫ్యూజు తప్పనిసరి. పలక దక్షిణముఖముగా, రమారమి పదునెనిమిది డిగ్రీల వాలున నుండవలెను. కొబ్బరిమట్ట నీడ ఒక మూలన పడినను రాబడి అమితముగా తగ్గును. ఇంటి ఇన్వర్టరు కరెంటును చేంజోవరు స్విచ్చి లేకుండ ఇంటి తీగలకు కలిపి లైనునకు ఎక్కించుట ఎవరికిని తగదు. అది పరుల ప్రాణములతో చెలగాటము.

చిన్న అమరికకు పెద్ద అమరికకు లేని సుగుణమొకటి కలదు. తుపాను హెచ్చరిక రాగానే నాలుగు మరలు విప్పి పలకను ఇంటిలోనికి దించి, గోడ కానించి, గాలి తగ్గిన మరునాడు మరల ఎక్కించుకొనవచ్చును. దీపములు ఆ రాత్రి బ్యాటరీపై వెలుగును. ఈ సౌలభ్యమును తీరవాసులమైన మనము ఎంతటి ధనముతోనైనను తూచరాదు.

పంచాయతీలు తొలుత అంగన్‌వాడీలకును తుపాను ఆశ్రయ భవనములకును ఈ మొదటి అంచె కల్పింపవలెను. మహిళా పొదుపు సంఘములు దీనికై చిన్న అప్పులీయవలెను. ఐటీఐ చదివిన యువకులు ఊరికిద్దరైనను ఈ పని నేర్వవలెను. గృహస్థులారా, జీడిపిక్కల సొమ్ము చేతికందు ఈ వేసవిలోనే ఒక పలకకును ఒక బ్యాటరీకిని పూనుకొనుడు. అక్టోబరునకు ముందే పలకను ఒకమారు దించి, ఎక్కించి, ఒక రాత్రి మెయిన్ ఆపి దీపములన్నియు పరీక్షించి చూచుకొనుడు.