సముద్రం తరఫున ఓటడిగితే

ఎన్నికల్లో డిపాజిట్ పోయినవాణ్ని చూసి నవ్వడం మనకు అలవాటు. వార్డు మెంబరు ఎన్నిక నుంచి ఎంపీ ఎన్నిక దాకా ఇదే వరస. గెలిచినవాడికి దండలు, ఓడినవాడికి ఎగతాళి. ఇక ఉద్యమాల నుంచి వచ్చినవాడి పరిస్థితి మరీ అన్యాయం. ధర్నాలో కూర్చున్నన్నాళ్లు మహానుభావుడంటాం. ఓటు అడిగిన రోజున "అదన్నమాట అసలు సంగతి" అంటాం. ఈ ధోరణి తప్పని నా అభిప్రాయం. అందుకు పక్క రాష్ట్రం తమిళనాడు నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటాను. కూడంకుళం అణు విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించిన ఎస్.పి. ఉదయకుమార్ సంగతి అది.

కూడంకుళం తిరునల్వేలి జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉంది. 1988లో రాజీవ్ గాంధీ, గోర్బచేవ్ చేసుకున్న ఒప్పందంతో ఈ కేంద్రానికి పునాది పడింది. 2002లో నిర్మాణం మొదలైంది. రియాక్టరును చల్లబరచడానికి సముద్రపు నీరు తోడి, వేడెక్కిన నీటిని మళ్లీ సముద్రంలోకి వదులుతారు. చేపల మీద బతికే ఊళ్లకు ఇదొక భయం. 2004 డిసెంబరు 26న సునామీ ఆ తీరాన్ని కొట్టింది. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమాలో సునామీ వచ్చి అణు కేంద్రం పేలింది. సునామీ అంటే ఏమిటో కళ్లారా చూసినవాళ్లకు ఫుకుషిమా పరాయి దేశపు వార్త కాదు.

అదే ఏడాది సెప్టెంబరులో ఇడిందకరై అనే మత్స్యకార గ్రామంలో, లూర్దు మాత చర్చి ముందు పందిరి వేసి 127 మంది నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ పందిట్లోనే ఆడవాళ్లు బీడీలు చుట్టుకుంటూ ఉద్యమం నడిపారు. నాగర్‌కోయిల్‌కు చెందిన ఉదయకుమార్ ఆ ఉద్యమానికి నాయకుడు. హవాయి విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రంలో డాక్టరేట్ చేసినవాడు. అమెరికాలో చదువు చెప్పి తిరిగొచ్చినవాడు. ఆయన మీద, ఊరివాళ్ల మీద రాజద్రోహం సహా లెక్కలేనన్ని కేసులు పెట్టారు. అరెస్టు చేస్తారని ఆయన చాలాకాలం ఇడిందకరై దాటి బయటకు రాలేదు. 2012 సెప్టెంబరు 10న పొరుగు జిల్లాలోని మణప్పాడులో పోలీసు కాల్పుల్లో ఒక మత్స్యకారుడు చనిపోయాడు. ఆ తర్వాత జనం నడుముల్లోతు సముద్రంలో నిలబడి నిరసన తెలిపారు.

ఇంత చేసినవాడికి ఎన్నికలెందుకు అని అడగవచ్చు. జవాబు రెండు తేదీల్లో ఉంది. 2011 సెప్టెంబరు 22న జయలలిత మంత్రివర్గం, ప్రజల భయాలు తీరేదాకా పనులు ఆపాలని తీర్మానం చేసింది. దీక్ష విరమించారు. 2012 మార్చి 18న శంకరన్‌కోవిల్ ఉప ఎన్నిక జరిగింది. మర్నాడే, మార్చి 19న, అదే మంత్రివర్గం కేంద్రాన్ని నడపవచ్చని నిర్ణయించింది. ఓటు పెట్టెలో పడేదాకా ఒక మాట, పడ్డాక ఇంకో మాట. 2013 మేలో సుప్రీంకోర్టు కూడా కొన్ని షరతులతో కేంద్రానికి పచ్చజెండా ఊపింది. ఉద్యమకారుల మీది కేసులను వీలైనంతవరకు ఉపసంహరించుకోవాలని కూడా అదే తీర్పులో చెప్పింది. వీధిలో పోరాడారు, కోర్టుకు వెళ్లారు. మిగిలింది చట్టసభ ఒక్కటే. అధికారంలో ఉన్నవాడి మాట ఎన్నిక తేదీని బట్టి మారుతుందని తెలిశాక, ఆ ఎన్నికలో తానే నిలబడాలనుకోవడం స్వార్థం ఎలా అవుతుంది?

2014 లోక్‌సభ ఎన్నికల్లో ఉదయకుమార్ ఆమ్ ఆద్మీ పార్టీ తరఫున కన్యాకుమారి నుంచి పోటీ చేశారు. సహచరులు పుష్పరాయన్ తూత్తుకుడిలో, జేసురాజ్ తిరునల్వేలిలో నిలబడ్డారు. ముగ్గురూ ఓడిపోయారు. ఉదయకుమార్‌కు వచ్చినవి పదిహేను వేల పైచిలుకు ఓట్లు. గెలిచిన పొన్ రాధాకృష్ణన్‌కు మూడు లక్షల డెబ్బై వేలకు పైగా వచ్చాయి.

ఎందుకు ఓడిపోయారో కూడా నిజాయితీగా చూడాలి. ఇడిందకరై కన్యాకుమారి నియోజకవర్గంలో లేదు, తిరునల్వేలిలో ఉంది. ఆయనతో సముద్రంలో నిలబడ్డ ఆ ఊరివాళ్లకు ఆయనకు ఓటేసే అవకాశమే లేదు. 2012లో తమిళనాడు అంతటా గంటల తరబడి కరెంటు కోతలు నడిచాయి. మోటారు ఆడక పంట ఎండిన రైతుకు, మగ్గం ఆగిన కార్మికుడికి కూడంకుళం భయంగా కాక ఆశగా కనిపించింది. మనమూ కరెంటు పోయిన రాత్రి కొవ్వొత్తి దగ్గర పరీక్షకు చదివినవాళ్లమే. వాళ్ల కోరిక తప్పనలేం. పార్టీ ఎంపిక కూడా కుదరలేదు. అణు విద్యుత్తు మీద ఆ పార్టీ స్పష్టమైన వైఖరి తీసుకోలేదని అదే ఏడాది అక్టోబరులో ఆయన బయటికొచ్చారు. 2016 అసెంబ్లీ ఎన్నికల్లో పచ్చై తమిళగం పార్టీ తరఫున, కూడంకుళం ఉన్న రాధాపురం నుంచే పోటీ చేసి మళ్లీ ఓడారు. అక్కడ గెలిచిన అభ్యర్థికీ రెండో స్థానంలో ఉన్నవాడికీ తేడా 49 ఓట్లు. అంత గట్టి పోటీలో మూడోవాడి మాట ఎవరికి వినపడుతుంది?

అయినా ఆయన పోటీ చేయడమే మంచిదయిందని నేనంటాను. ధర్నా పందిట్లో మన మాట వినేవాళ్లు మనవాళ్లే. అభ్యర్థి అయ్యాక మనతో ఏకీభవించని ఇంటి గడప కూడా ఎక్కాలి. చేపల వేటతో సంబంధం లేని మనిషికి సముద్రం ఎందుకు ముఖ్యమో చెప్పాలి. "మరి మా కరెంటు సంగతేంటి" అంటే జవాబివ్వాలి. ఆ జవాబు వెతుక్కోని ఉద్యమం ఒక తీరానికే పరిమితమైపోతుంది. వచ్చిన ఓట్లు ఎన్నని కాక, ఎన్ని కొత్త గడపలు ఎక్కారని లెక్కవేయాలి.

మన హాస్టళ్లలో గోడ మీద పటం ఉన్న మహనీయుడి చరిత్రే చూడండి. అంబేద్కర్ 1927లో మహద్‌లో చెరువు నీటి కోసం పోరాడారు. అక్కడితో ఆగలేదు. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టి, 1937లో బొంబాయి శాసనసభకు గెలిచారు. కొంకణ్ తీరంలో రైతులను పీడిస్తున్న ఖోతీ పద్ధతిని రద్దు చేయాలని అదే ఏడాది బిల్లు పెట్టారు. అది అప్పుడు చట్టం కాలేదు. ఖోతీ రద్దు చట్టం 1949లో వచ్చింది. రాజ్యాంగం రాసిన చేతులతోనే 1952లో లోక్‌సభకు పోటీ చేసి ఓడారు, 1954లో భండారా ఉప ఎన్నికలోనూ ఓడారు. ఆ ఓటములను చూసి ఆయన విలువను మనం తగ్గించామా?

తీరం రాత మారేది అలల వల్ల మాత్రమే కాదు, ఢిల్లీలో కాగితాల వల్ల కూడా. సీఆర్‌జెడ్ అని పిలిచే తీరప్రాంత నిబంధనలు 1991లో వచ్చాయి. గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు వద్దన్నాయి. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ ప్రాంతాల్లో దాన్ని 50 మీటర్లకు తగ్గించింది. సముద్రం వెనక్కి జరగలేదు, గీత ముందుకు జరిగింది. ఆ గీత గీసే చోట తీరం మనిషి ఒక్కడైనా ఉండొద్దా?

ఇది మనకు దూరపు కథ కాదు. 2010 జూలై 14న సోంపేటలో థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించినవాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ముందే సరిగ్గా చూసే అధికారి, ముందే గట్టిగా అడిగే ప్రతినిధి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు అణు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. ఆ తీరపు పిల్లలు మన హాస్టళ్లలోనూ ఉన్నారు.

మిత్రులారా! మన ఇళ్లలో డిగ్రీ చేతికొచ్చినవాడికి చెప్పేది ఒకటే, "ఉద్యోగం చూసుకో, ఈ గొడవలు నీకెందుకు" అని. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది కాబట్టి ఆ మాట వెనకున్న ఆకలి నాకు తెలుసు. ఉద్యోగం చూసుకుందాం. కానీ నోటిఫికేషన్ చదవగలిగేది, పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణలో లేచి ప్రశ్న అడగగలిగేది ఊళ్లో మనమే. ఉదయకుమార్ ఓటమి నేర్పేదేమిటంటే, ఒకేసారి పార్లమెంటుకు ఎగరకుండా గ్రామసభ నుంచి, వార్డు నుంచి మొదలుపెట్టాలి. పంచాయతీల్లో మనకు రిజర్వు చేసిన సీట్లున్నాయి. వాటిలో వేరెవరో చెప్పినట్టు సంతకం పెట్టేవాణ్ని కాక, చెరువు గురించి, తీరం గురించి తెలిసినవాణ్ని నిలబెడదాం. నిలబడి ఓడినవాడు ఊళ్లోకి వస్తే ఎగతాళి చేయకుండా, వచ్చే ఎన్నికకు ఏం చేద్దామని అడుగుదాం.